ధమని కణంలో కాల్షియం కరెంట్ 15 పికోయాంపియర్లే వస్తోంది, అదీ నిలవడం లేదు: తప్పు ఎక్కడ?

ముందు మీ ప్రశ్నను కుదించి చెబుతాను. ఎలుక పేగుల పొరలోని మెసెంటెరిక్ ధమని మూడో శాఖ నుంచి నునుపు కండర కణాలు విడదీసి హోల్‌సెల్ ప్యాచ్ క్లాంప్ (గాజు పిపెట్ మొనను కణానికి అతికించి, లోపలికి తెరిచి, పొర గుండా పారే కరెంట్‌ను కొలిచే పద్ధతి) చేస్తున్నారు. బయటి ద్రావణంలో కాల్షియం 2 మిల్లీమోలార్. −80 మిల్లీవోల్టుల నుంచి 0కి స్టెప్ ఇస్తే 15 పికోయాంపియర్లకు మించి రావడం లేదు. అయిదు నిమిషాల్లో అది కూడా పోతోంది. కాల్షియం లోపలికి వచ్చే ఛానళ్లను మూసే మందు నిఫెడిపిన్ 100 నానోమోలార్ వేసినా సగం కూడా తగ్గలేదు. అదే ధమని ముక్కను మయోగ్రాఫ్‌కు (ధమని బిగువును కొలిచే పరికరం) కట్టి 60 మిల్లీమోలార్ పొటాషియం ఇస్తే గట్టిగా బిగుసుకుంటోంది, అంతే మోతాదు నిఫెడిపిన్‌కు దాదాపు పూర్తిగా సడలిపోతోంది. కణాలు విడదీసేటప్పుడు ఛానళ్లు పాడయ్యాయా, లేక ధమని బిగుసుకోవడానికి వేరే దారి ఏదైనా ఉందా అన్నది మీ సందేహం.

ఛానళ్లు ఉన్నాయి. మీరు ఒకే జబ్బు అనుకుంటున్నది నిజానికి మూడు. కరెంట్ చిన్నదిగా ఉండటం అసలు జబ్బే కాదు, అది ఆ కణం స్వభావం. అయిదు నిమిషాల్లో పోవడం పిపెట్ లోపలి ద్రావణం సమస్య. నిఫెడిపిన్ సరిగ్గా పనిచేయనట్టు కనిపించడం మీరు ఎంచుకున్న హోల్డింగ్ వోల్టేజీ (స్టెప్‌కు ముందు కణాన్ని పట్టి ఉంచే వోల్టేజీ) వల్ల, కొంత లీక్ (ఛానళ్లలోంచి కాక సందుల్లోంచి కారే కరెంట్) వల్ల.

మొదట ఆ 15 సంగతి. ఈ కణాల కెపాసిటెన్స్ (పొర విస్తీర్ణానికి కొలత) సాధారణంగా 10–20 పికోఫ్యారడ్లు. 2 మిల్లీమోలార్ కాల్షియంలో ఒక్కో పికోఫ్యారడ్‌కు ఒకటి, మహా అయితే మూడు పికోయాంపియర్లు వస్తాయి. అంటే 15 పికోఫ్యారడ్ల కణంలో 15 పికోయాంపియర్లు రావడంలో వింతేమీ లేదు. గుండె కణాల రికార్డింగులు చూసి వచ్చినవాళ్లకు నానోయాంపియర్లు అలవాటు కాబట్టి ఇది లేనట్టే అనిపిస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. 15 పికోయాంపియర్లు 200 మిల్లీసెకన్లు పారితే ఆవేశం 3 పికోకూలంబులు, అంటే సుమారు 94 లక్షల కాల్షియం అయాన్లు. కణం లోపలి ఘనపరిమాణం దాదాపు ఒక పికోలీటరు. అందులో ఇన్ని అయాన్లు పడితే మొత్తం కాల్షియం 15 మైక్రోమోలార్ల మేర పెరుగుతుంది. అందులో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ప్రోటీన్లకు అతుక్కుపోయాయనుకున్నా, స్వేచ్ఛగా ఉండేది 150 నానోమోలార్లు పెరిగినట్టు. విశ్రాంతిలో ఈ కణంలో కాల్షియం సుమారు 100 నానోమోలార్లు, ధమని బిగుసుకున్నప్పుడు 200–300. కాబట్టి మీ ధమని అంత గట్టిగా పట్టుకోవడానికి వేరే దారి వెతకనక్కర్లేదు, ఆ చిన్న కరెంటే చాలు. చుంచెలుకల్లో ఈ ఛానల్ ఎంత ముఖ్యమో చూపిన ప్రయోగం 2003 నాటిది. మ్యూనిక్‌లో పెరిగిన చుంచెలుకల నునుపు కండరంలో మాత్రమే ఈ ఛానల్ (ఎల్ టైప్ కాల్షియం ఛానల్) జన్యువు సీఏవీ 1.2ను తీసేస్తే వాటి సగటు రక్తపోటు 30 మిల్లీమీటర్ల దాకా పడిపోయింది.

అయితే చిన్న కరెంట్‌ను కొలవాలంటే సీల్ (గాజు మొనకూ కణం పొరకూ మధ్య పడే బిగువైన అతుకు) విషయంలో రాజీ పనికిరాదు. మీ సీల్ 1 గిగాఓమ్ అనుకుందాం. −80 నుంచి 0కి స్టెప్ వేస్తే లీక్ ఒక్కటే 80 పికోయాంపియర్లు మారుతుంది. మీరు వెతుకుతున్నది 15. అదే సీల్ 10 గిగాఓమ్‌లు ఉంటే లీక్ మార్పు 8కి దిగుతుంది. అందుకే ఈ కణాల్లో 5 గిగాఓమ్‌ల కంటే తక్కువ సీల్ వస్తే ఆ కణాన్ని వదిలేయడం మేలు. లీక్‌ను సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది కదా అంటారు. పీ బై 4 పద్ధతిలో నాలుగు చిన్న పల్సులను కూడి అసలు ట్రేస్‌లోంచి తీసేస్తాం కాబట్టి నాయిస్ రెండుంబావు రెట్లు పెరుగుతుంది. 15 పికోయాంపియర్ల కరెంట్ మీద ఆ ధర ఎక్కువే. వాడేట్టయితే ఉప పల్సులు −80 నుంచి కిందికి, అంటే −100 వైపుకి ఇవ్వండి, పైకి ఇవ్వొద్దు. దీనికంటే నమ్మకమైన దారి ఒకటుంది. చివర్లో 200 మైక్రోమోలార్ కాడ్మియం వేసి అవే స్టెప్పులు రికార్డ్ చేసి, సగటు తీసి, మొదటి వాటిలోంచి తీసేయడం. కాడ్మియం విషం. ఆ వ్యర్థాన్ని సింక్‌లో పోయకండి, విడిగా సీసాలో పట్టండి.

సిరీస్ రెసిస్టెన్స్ (పిపెట్ మొన దగ్గర కరెంట్‌కు ఉండే అడ్డు) గురించి మాత్రం ఇక్కడ అంత బెంగ అక్కర్లేదు. 10 మెగాఓమ్‌ల మీద 100 పికోయాంపియర్లు పారినా వోల్టేజీ తప్పు 1 మిల్లీవోల్టే. పిపెట్ 3–5 మెగాఓమ్‌లది బోరోసిలికేట్ గాజుతో లాగి, మొనను కాస్త కాల్చి నునుపు చేసుకుంటే సరిపోతుంది.

ఇక కరెంట్‌ను పెంచే మార్గం బేరియం. కాల్షియం బదులు 10–20 మిల్లీమోలార్ బేరియం పెడితే కరెంట్ కొన్ని రెట్లు పెరుగుతుంది, పైగా కాల్షియం వల్ల ఛానల్ మూసుకుపోయే గుణం పోతుంది, పొటాషియం ఛానళ్లకూ అది అడ్డుపడుతుంది. బయటి ద్రావణానికి నమూనా: టెట్రాఇథైల్ అమోనియం క్లోరైడ్ 115, బేరియం క్లోరైడ్ 20, మెగ్నీషియం క్లోరైడ్ 1, హెపెస్ 10, గ్లూకోజ్ 10 మిల్లీమోలార్లు, పీహెచ్ 7.4. ఈ పీహెచ్‌ను టెట్రాఇథైల్ అమోనియం హైడ్రాక్సైడ్‌తోనే సరిచేయాలి. అలవాటు కొద్దీ సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేస్తే, సోడియం తీసేయడానికి పడ్డ శ్రమంతా వృథా. మెగ్నీషియం సల్ఫేట్, ఫాస్ఫేట్, బైకార్బొనేట్ ఏవీ ఈ ద్రావణం దరిదాపుల్లో ఉండకూడదు. పాత క్రెబ్స్ ద్రావణం ట్యూబుల్లో మిగిలి ఉన్నా చాలు, బేరియం సల్ఫేట్ తెల్లగా దిగుతుంది. ఆ సన్నని పొడి గాజు మొనకు తగిలితే సీల్ పడదు, ఎందుకు పడలేదో తెలియదు. రెండు ద్రావణాలకు రెండు వేర్వేరు ట్యూబులు పెట్టుకోండి. ఒక హెచ్చరిక: 20 మిల్లీమోలార్ బేరియం పొర ఉపరితలంలోని ఆవేశాన్ని కప్పేస్తుంది కాబట్టి కరెంట్ వోల్టేజీ వక్రరేఖ సుమారు 10 మిల్లీవోల్టులు కుడివైపుకి జరుగుతుంది. ఈ వక్రరేఖ చూసి, ధమనిలో −40 దగ్గర ఎంత కాల్షియం లోపలికి వస్తుందో చెప్పేయకూడదు.

అయిదు నిమిషాల్లో కరెంట్ పోవడానికి వద్దాం. దీన్నే రన్‌డౌన్ అంటాం. పిపెట్ తెరుచుకోగానే కణం లోపలి ఏటీపీ, ఛానల్‌ను నిలబెట్టే ఇతర పదార్థాలు పిపెట్‌లోకి కొట్టుకుపోతాయి. లోపల కాల్షియం కాస్త పెరిగితే దానితో మేలుకునే ప్రోటీయేజులు ఛానల్‌ను కొరుకుతాయి. మీ పిపెట్ ద్రావణంలో ఈజీటీఏ (కాల్షియంను పట్టేసే పదార్థం) 0.5 మిల్లీమోలార్ అని రాశారు, ఏటీపీ ఊసే లేదు. అంతే సంగతి. దీన్ని ఇలా మార్చండి: సీసియం ఆస్పార్టేట్ 100, సీసియం క్లోరైడ్ 20, ఈజీటీఏ 10, హెపెస్ 10, మెగ్నీషియం ఏటీపీ 5, సోడియం జీటీపీ 0.2 మిల్లీమోలార్లు, సీసియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7.2. వరుస ముఖ్యం. మెగ్నీషియం ఏటీపీ కలపగానే పీహెచ్ పడిపోతుంది. కాబట్టి పీహెచ్ ముందే సరిచేసి ఏటీపీ తర్వాత వేసేవాళ్లు పుల్లటి ద్రావణంతో పనిచేస్తున్నట్టే. ఏటీపీ వేశాకే మీటర్ పెట్టండి. తర్వాత 0.5 మిల్లీలీటర్ల చొప్పున పంచి −20లో దాచి, ఆ రోజుకు తీసింది ఐస్‌లో ఉంచి, సాయంత్రానికి మిగిలింది పారబోయండి. మళ్లీ ఫ్రీజ్ చేసిన ఏటీపీని నమ్మొద్దు. ఆస్మోలారిటీ లోపల 290, బయట 300 దగ్గర ఉండాలి. లోపలిది ఎక్కువైతే కణం ఉబ్బుతుంది, ఉబ్బిన కణంలో కరెంట్ పెరిగి మిమ్మల్ని ఇంకో తప్పుదారి పట్టిస్తుంది. ఆస్పార్టేట్ వాడినప్పుడు లిక్విడ్ జంక్షన్ పొటెన్షియల్ (రెండు ద్రావణాలు కలిసే చోట పుట్టే వోల్టేజీ) 10 మిల్లీవోల్టులు దాటవచ్చు. అది లెక్కగట్టి వోల్టేజీలో సరిదిద్దాకే వేరే ల్యాబుల అంకెలతో పోల్చండి.

ఇన్ని చేసినా రన్‌డౌన్ పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుంది. కణం తెరిచాక మొదటి రెండు మూడు నిమిషాలు సీసియం, ఈజీటీఏ లోపలికి వెళ్తుంటే కరెంట్ పెరుగుతుంది కూడా. ఆ పెరుగుదల మధ్యలో మందు వేస్తే ఏమీ తేలదు. 0కి ఒకే స్టెప్‌ను ప్రతి 10 సెకన్లకు ఇస్తూ, గరిష్ఠ కరెంట్‌ను కాలంతో పాటు గీస్తూ పోండి. రెండు నిమిషాలు గీత అడ్డంగా నిలిచాకే మందు. మందు లేకుండా, దాన్ని కరిగించిన డీఎంఎస్‌ఓ మాత్రమే వేసి అంతే సేపు రికార్డ్ చేసిన కణాలు కూడా ఉండాలి. అవి లేని నిఫెడిపిన్ గ్రాఫులో మందు ఎంతో రన్‌డౌన్ ఎంతో ఎవరూ విడదీయలేరు.

అరగంట పైన రికార్డింగ్ కావాలంటే ఆంఫోటెరిసిన్ బీ తో పెర్ఫొరేటెడ్ ప్యాచ్ (పొరను చింపకుండా మందుతో సన్నని రంధ్రాలు చేసే పద్ధతి) చేయాలి. డీఎంఎస్‌ఓలో మిల్లీలీటరుకు 60 మిల్లీగ్రాముల స్టాక్ చేసి, అందులోంచి 4 మైక్రోలీటర్లు 1 మిల్లీలీటరు పిపెట్ ద్రావణంలో వేస్తే 240 మైక్రోగ్రాములు అవుతుంది. బాగా వోర్టెక్స్ చేసి చీకట్లో ఉంచండి, రెండు గంటలు దాటితే కొత్తది కలపండి. పిపెట్ మొనను ఆంఫోటెరిసిన్ లేని ద్రావణంలో ఒకటి రెండు సెకన్లు ముంచి, వెనకనుంచి ఆంఫోటెరిసిన్ ఉన్నది నింపాలి. మొన దాకా మందు ఉంటే సీల్ పడదు. మరీ ఎక్కువ సేపు ముంచితే అరగంటైనా రంధ్రాలు పడవు. రెసిస్టెన్స్ మెల్లగా 10–15 నిమిషాల్లో 40 మెగాఓమ్‌ల కిందికి దిగాలి. ఒక్కసారిగా పడిపోయిందంటే పొర చిరిగినట్టే, అది ఇక మామూలు హోల్‌సెల్.

కణాలు విడదీయడంలో మీరు రాసిన పద్ధతి స్థూలంగా బాగానే ఉంది, కానీ రెండు చోట్ల ఆగాలి. మీరు పాపైన్, కొలాజినేజ్ రెండూ ఒకేసారి 30 నిమిషాలు వేస్తున్నారు. విడివిడిగా చేయండి. కొవ్వు, బయటి పొర పూర్తిగా తీసిన ధమని ముక్కల్ని కాల్షియం లేని ద్రావణంలో ఉంచాలి. సోడియం క్లోరైడ్ 55, సోడియం గ్లుటమేట్ 80, పొటాషియం క్లోరైడ్ 5.6, మెగ్నీషియం క్లోరైడ్ 2, హెపెస్ 10, గ్లూకోజ్ 10, పీహెచ్ 7.3 అన్నది చాలాచోట్ల వాడే మిశ్రమం. అందులో పాపైన్ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, డైథయోథ్రైటాల్ 1 మిల్లీగ్రాము వేసి 37 డిగ్రీల్లో 12–15 నిమిషాలు. పాపైన్ మేలుకోవడానికి డైథయోథ్రైటాల్ కావాలి, అది నీళ్లలో నిలవదు కాబట్టి ఏ రోజుకారోజు తూచండి. తర్వాత కొలాజినేజ్ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, 8–10 నిమిషాలు. దీనికి కాల్షియం అవసరం, అందుకే 100 మైక్రోమోలార్ కాల్షియం ఈ దశలో మాత్రమే కలుపుతాం. పిమ్మట ఐస్‌లో పెట్టిన ఎంజైమ్ లేని ద్రావణంతో మూడుసార్లు కడగాలి. చివరగా, మొన కాల్చి నునుపు చేసిన పాశ్చర్ పిపెట్‌తో మెల్లగా పైకీ కిందికీ లాగాలి. నురగ వచ్చిందంటే చేయి బరువైనట్టు. ఎంజైమ్ లాట్ మారినప్పుడల్లా 8, 10, 12, 15 నిమిషాలు విడివిడిగా చేసి చూసుకోవాల్సిందే. పాత లాట్ సమయం కొత్తదానికి పనిచేస్తుందన్న భరోసా లేదు.

బాగున్న కణం సన్నగా, పొడవుగా, కదురులా ఉండి, ఫేజ్ కాంట్రాస్ట్‌లో అంచు మెరుస్తుంది. ముడుచుకుని ఎండు ద్రాక్షలా అయినవి, మసకగా చదునైనవి వద్దు. గుండ్రటి చిన్న కణాలు, ముఖ్యంగా గుంపులుగా అతుక్కున్నవి, ఎండోథీలియం కావచ్చు. వాటిలో ఎల్ టైప్ కరెంట్ ఉండదు. సీల్ సులువుగా పడుతుందని వాటిని ఎంచుకుంటే సగం కణాల్లో ఛానల్ లేదని తేలడంలో ఆశ్చర్యం లేదు. ఐస్ మీద ఉంచిన కణాలు ఆరు గంటలు పనికొస్తాయి, మర్నాటికి వద్దు. గది ఉష్ణోగ్రతను కూడా రాసిపెట్టండి. ఈ కరెంట్ ఉష్ణోగ్రతకు బాగా స్పందిస్తుంది, 10 డిగ్రీలకు రెండు మూడు రెట్లు మారుతుంది. మే నెలలో ఏసీ ఆగిన మధ్యాహ్నం 32 డిగ్రీల్లో చేసిన కణాలనూ, 22 డిగ్రీల్లో చేసినవాటినీ ఒకే సగటులో కలిపితే ఆ సగటుకు అర్థం ఉండదు.

ఇప్పుడు నిఫెడిపిన్. డైహైడ్రోపిరిడిన్లు (నిఫెడిపిన్ కుటుంబపు మందులు) విశ్రాంతిలో ఉన్న ఛానల్ కంటే ఇనాక్టివేట్ అయిన (వోల్టేజీ పెరిగి ఉన్నా మూసుకుపోయిన) ఛానల్‌ను చాలా గట్టిగా పట్టుకుంటాయి. 1984లో బీన్ గుండె కణాల్లో నైట్రెండిపిన్‌తో దీన్ని చూపాడు, ధమని కణాల్లోనూ అదే సూత్రం. మీరు −80లో పట్టి ఉంచితే ఛానళ్లన్నీ విశ్రాంతిలో ఉంటాయి, మందుకు పట్టు దొరకదు. మయోగ్రాఫ్‌లో 60 మిల్లీమోలార్ పొటాషియం ఇస్తే పొటాషియం సమతుల్య వోల్టేజీ −22 దగ్గరికి వస్తుంది, కణం వోల్టేజీ కూడా దాని చుట్టుపక్కలే నిమిషాల తరబడి ఉంటుంది. అక్కడ చాలా ఛానళ్లు ఇనాక్టివేట్ అయి మందుకు చిక్కుతాయి. ఒకే మందు, ఒకే మోతాదు, రెండు ఫలితాలు. ఇందులో వైరుధ్యం లేదు. తేల్చుకోవాలంటే అదే కణంలో హోల్డింగ్‌ను −80 నుంచి −50కి మార్చండి. కరెంట్ కాస్త తగ్గుతుంది, అది మామూలే. అక్కడ మళ్లీ బేస్‌లైన్ పట్టి 100 నానోమోలార్ వేస్తే మందు ప్రభావం స్పష్టంగా పెరగాలి. −80లోనే చేయాలనుకుంటే 1–5 మైక్రోమోలార్ వాడండి. ఈ గుణం వల్లే ఈ మందులు రక్తనాళాల మీద ఎక్కువ, గుండె కండరం మీద తక్కువ పనిచేస్తాయి. 60–80 మిల్లీమీటర్ల పీడనంలో ఉన్న ధమని కణం −45, −40 మధ్య ఉంటుంది, గుండె జఠరిక కణం కొట్టుకునే మధ్యలో −80కి తిరిగి వెళ్తుంది. ధమని ఛానల్ స్ప్లైస్ రూపం వేరుగా ఉండటం కూడా కొంత కారణం.

నిఫెడిపిన్‌కు వెలుతురు పడదు. మైక్రోస్కోప్ బల్బు కింద తెరిచి ఉంచిన రిజర్వాయర్‌లో అది పాడైపోతుంది. 10 మిల్లీమోలార్ స్టాక్ డీఎంఎస్‌ఓలో చేసి ఫాయిల్ చుట్టి దాచండి, సిరంజికీ ట్యూబుకూ కూడా ఫాయిల్ చుట్టండి, రికార్డింగ్ సమయంలో దీపం తగ్గించండి. ప్లాస్టిక్ ట్యూబుకు అది అంటుకుంటుంది కూడా. కాబట్టి మందు వాడిన ట్యూబుతో తర్వాతి కణానికి కంట్రోల్ ద్రావణం పంపితే మొదటినుంచే కరెంట్ తగ్గి కనిపిస్తుంది. దీని బదులు ఆమ్లోడిపిన్ వాడొచ్చా అని అడిగారు. రోగులకు అది మంచి మందు, కానీ ఛానల్‌ను పట్టుకోవడం, వదలడం రెండూ నెమ్మది. రన్‌డౌన్‌తో పోటీ పడుతున్న ప్రయోగంలో అది చేదోడు కాదు.

వచ్చిన కరెంట్ ఎల్ టైప్‌దే అని చూపడానికి నిఫెడిపిన్ ఒక్కటే చాలదు. ఎల్ టైప్ ఛానల్‌ను ఎక్కువగా తెరిచే మందు బే కే 8644 లో ఎస్ రూపం 0.5 మైక్రోమోలార్ వేస్తే కరెంట్ పెరిగి, వక్రరేఖ సుమారు 10 మిల్లీవోల్టులు ఎడమకు జరగాలి. పొదుపు కోసం రేసిమిక్ (ఎస్, ఆర్ రూపాలు కలిసినది) కొనకండి, అందులోని ఆర్ రూపం అడ్డుకునే మందు. 20 మిల్లీమోలార్ బేరియంలో కరెంట్ −30 దగ్గర మొదలై, 0 నుంచి +20 మధ్య గరిష్ఠానికి చేరి, +50 పైన సున్నాను తాకితే ఆకారం సరైనదే. +30కే పైకి దాటి బయటికి పారుతుంటే అది మిగిలిపోయిన పొటాషియం కరెంట్ లేదా లీక్.

−40 దగ్గరే మొదలై 30–40 మిల్లీసెకన్లలో పడిపోయే చిన్న కరెంట్ కూడా కనిపిస్తే టీ టైప్ (తక్కువ వోల్టేజీలోనే తెరుచుకునే వేరే రకం) కాల్షియం ఛానళ్లు ఉన్నట్టు. ఎలుక ధమనుల్లో వాటి రకాలు సీఏవీ 3.1, 3.2 రెండూ దొరుకుతాయి. హోల్డింగ్‌ను −50కి తెస్తే అవి చాలావరకు ఇనాక్టివేట్ అయిపోతాయి. 50 మైక్రోమోలార్ నికెల్‌కు 3.2 లొంగుతుంది, 3.1 అంతగా లొంగదు. కాబట్టి నికెల్‌కు తగ్గలేదంటే టీ టైప్ లేదని రాసేయకండి. వీటిని విడదీయకపోతే −80 నుంచి చేసిన ప్రయోగంలో నిఫెడిపిన్‌కు లొంగని భాగంగా లెక్కలోకి వస్తాయి.

హోల్‌సెల్‌లో ఇవన్నీ సర్దుకున్నా, అసలు ధమనిలో నిలకడగా ఉండే టోన్‌కు (బిగువుకు) కారణమైన కరెంట్ మీకు కనిపించదు. −40 దగ్గర ఛానళ్లలో అతి స్వల్ప భాగమే తెరుచుకుని ఉంటుంది, ఆ కరెంట్ ఒక పికోయాంపియర్‌లోపే. 2005లో సియాటిల్‌లో నవేడో, సంతానా బృందం టర్ఫ్ మైక్రోస్కోప్‌తో (పొరను ఆనుకున్న పలుచని భాగాన్నే వెలిగించి చూపేది) చూపినట్టు, అది పొర అంతటా సమంగా కాక కొన్ని చోట్లే మళ్లీ మళ్లీ తెరుచుకునే ఛానళ్ల గుంపుల నుంచి వస్తుంది. వాటికి స్పార్క్‌లెట్లు అని పేరు, వెనక ప్రోటీన్ కైనేజ్ సీ ఆల్ఫా ఉంటుంది. 10 మిల్లీమోలార్ ఈజీటీఏ నింపిన కణం ఆ సంగతులు చెప్పదు. టోన్ గురించి వాదించాలంటే కణాన్ని కాక, 37 డిగ్రీల్లో 60–80 మిల్లీమీటర్ల పీడనం పెట్టిన ధమనిని తీసుకుని, ధమని వ్యాసం (అడ్డుకొలత) చూస్తూ నిఫెడిపిన్ మోతాదులు పెంచుకుంటూ వెళ్లాలి. చివర్లో కాల్షియం లేని ద్రావణంలో 2 మిల్లీమోలార్ ఈజీటీఏ, డిల్టియాజెమ్ వేసి పూర్తి సడలింపు వ్యాసం తీసుకోవడం మరవకండి, శాతం లెక్కకు అదే ఆధారం.

ఈ వారం పిపెట్ ద్రావణం ఒక్కటే మార్చి చూడండి, మిగతావి కదపొద్దు. అయిదు నిమిషాల సమస్య తగ్గితే తర్వాత బేరియం, ఆపై −50 హోల్డింగ్. అప్పటికీ తేడా రాకపోతే ఒకే కణానివి మూడు ట్రేసులు పంపండి: లీక్ తీయని −80 నుంచి 0 స్టెప్, −80 నుంచి −100 స్టెప్, కాడ్మియంలో మళ్లీ −80 నుంచి 0. వాటి పక్కన ఆ కణం కెపాసిటెన్స్, సీల్ విలువ, గది ఉష్ణోగ్రత రాయండి.